కొండదారిలో మూడో గేరు

పొద్దున్నే ఆవిడ టీ తాగేసి, వరండాలో నిలబెట్టిన మోటార్ సైకిల్ సీటు మీద మంచు తుడిచింది. రాత్రి కుట్టి ఇస్త్రీ చేసిన స్కూలు యూనిఫాంల మూట పక్క కమ్మీకి తాడేసి కట్టింది. లోపలికి చూసి కేకేసింది.

"ఏమండీ, వస్తున్నారా? డాక్టరు మనకోసం గుమ్మంలో నిలబడి ఉండడు."

"వస్తున్నానే. నా కర్ర ఏదీ?"

"మీ చేతిలోనే ఉంది."

ఆయన చేతిలోకి చూసుకుని, ఏమీ జరగనట్టు కుంటుకుంటూ బయటికొచ్చాడు.

ఆయన బస్సు డ్రైవరు. రిటైరైనా డ్రైవరే. డిపోలో ఆయన అసలు పేరు ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, అందరికీ టాప్‌గేరు. బస్టాండు గేటు దాటి రోడ్డెక్కాడో లేదో టాప్ గేర్లో వేసేసేవాడు. డీజిలు ఇంజను కాబట్టి ఊఁ ఊఁ అనుకుంటూనే లాగేది. డిపో మొత్తంలో తక్కువ డీజిలు ఆయనదే. అధికారులు చప్పట్లు కొట్టి గోడ గడియారం ఇచ్చారు. ఆ రోజు నుంచీ గేరు సంగతి ఆయనకి చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం.

రిటైరవగానే ముచ్చటపడి ఈ బండి కొన్నాడు. నల్లగా, పొడుగ్గా, కాళ్ళు ముందుకి చాపుకుని దర్జాగా కూర్చునే క్రూజరు. నెల తిరక్కుండా నీళ్ళ ట్యాంకు కడగబోయి నిచ్చెన మీంచి జారాడు. ఎడమ చీలమండ నుజ్జయింది. ఆపరేషను చేశారు. నడక వచ్చింది గానీ పాదం వంగదు. గేరు వెయ్యాల్సింది ఆ పాదంతోనే.

బండికి దుప్పటి కప్పి మూల పెట్టారు. పక్క వీధిలో కాపురముండే కొడుకు అమ్మేద్దామన్నాడు. ఆయన దుప్పటి అంచు సర్దాడు. అప్పుడు కుట్టుమిషను ముందు నుంచి ఆవిడ తలెత్తి అంది:

"నేను నడుపుతా."

"నువ్వా?"

"పెళ్ళయ్యేదాకా మా నాన్న పాలబండి తోలింది నేనే. గేర్ల బండే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడిగారా?"

లైసెన్సు తెచ్చుకుంది. ఈ బండికి గేరు కమ్మీ ముందూ వెనకా ఉంటుంది. మడమతో తొక్కితే పై గేరు, కాలివేళ్ళతో తొక్కితే కింది గేరు. కుట్టుమిషను తొక్కీ తొక్కీ ఆవిడ పాదానికి ఆ ఊపు ముందే తెలుసు. ఆయన్ని కాలు వ్యాయామానికి కొండ అవతలి ఆస్పత్రికి తీసుకెళ్ళడం, దారిలోనే యూనిఫాంలు కొట్లో ఇవ్వడం, రెండూ ఒక్క ప్రయాణంలో అయిపోతున్నాయి. ఇదివరకు ఆ మూట పంపించడానికి ఎవరో ఒకర్ని బతిమాలుకోవాల్సొచ్చేది. ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.

చిక్కల్లా వెనక కూర్చున్న మనిషితోనే. ఆవిడ భుజం మీద ఆయన వేళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఒక తట్టు తడితే పై గేరు వెయ్యమని. వీధి చివరికి వచ్చేసరికి నాలుగు తట్లు పడేవి. బండి ఇంకా నడక నేర్చుకుంటూ ఉండేది, గేరు మాత్రం పైనుండేది. ఇంజను మూలిగేది. ఆవిడ వెయ్యననలేదు. చెప్పింది చెయ్యడం ఎన్నేళ్ళ అలవాటో. పెట్రోలు మాత్రం నీళ్ళలా అయిపోయేది. బంకులో ఆగినప్పుడల్లా ఆయనది ఒకటే పాట.

"నేను తట్టేదాకా రెండో గేర్లో అరిపిస్తున్నావే. అందుకే తాగుతోంది."

ఆ పొద్దున కూడా అలాగే బయల్దేరారు. కొండదారి మొదలవుతుండగా ఆవిడ కాలివేళ్ళు కింది గేరు కోసం కదిలాయి. భుజం మీద తట్టు పడింది.

"దించకు! టాప్‌లోనే పోనీ. పెట్రోలు మిగుల్తుంది."

ఆవిడ దించలేదు. ఇద్దరు మనుషులు, ఒక మూట, నిటారు రోడ్డు. యాక్సిలరేటరు మొత్తం తిప్పినా బండి ముందుకి పోలేదు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఇంజను గడగడలాడింది. ఒక్కసారి వణికి ఆగిపోయింది. వెనక్కి జారింది. ఆవిడ కాలు ఆన్చేలోపు బండి మెల్లగా పక్కకి ఒరిగి పడుకుంది.

పెద్ద దెబ్బలేం తగల్లేదు. ఆయన మోచెయ్యి, ఆవిడ మోకాలు గీరుకున్నాయి. మూట ఊడిపోయి తెల్ల చొక్కాలన్నీ బురదలో పడ్డాయి. వెనకొస్తున్న లారీవాళ్ళు దిగి బండి లేపారు. వాళ్ళ ముందు ఆయన బట్టలు దులుపుకుంటూ అన్నాడు:

"ఆడాళ్ళ చేతికి బండిస్తే ఇంతే."

లారీవాళ్ళు నవ్వారు. ఆవిడ బురద చొక్కాలు ఏరి మూట కట్టింది. మొదటి గేరులో బండి మళ్ళించుకుని ఇంటికి తెచ్చి, బకెట్టులో చొక్కాలు నానబెట్టింది.

సాయంత్రానికి కబురు తెలిసి కొడుకు వచ్చాడు. తండ్రి మోచెయ్యి చూశాడు, తల్లి మోకాలు చూశాడు.

"ఇంక చాలమ్మా. మా ఆఫీసులో ఒకాయన కొంటానన్నాడు. రేపు తీసుకొస్తా."

"ఎందుకు?"

"ఎందుకేంటి? పెట్రోలు తాగుతోంది. మిమ్మల్ని పడేస్తోంది. ఫోను మోగితే చాలు నా గుండె గొంతులోకొస్తోంది. ఆస్పత్రికి నేను తీసుకెళ్తాగా."

"నా బట్టలు?"

"కుట్టడం తగ్గించుకో. ఎవరు కుట్టమన్నారు?"

చొక్కాలు పిండుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. లేచి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని వరండాలోకొచ్చింది.

"బండి అమ్మేది లేదు."

"అమ్మా, మొండిగా మాట్లాడకు."

"ఇన్నాళ్ళూ మెత్తగా మాట్లాడా. ఏం ఒరిగింది? పడేసింది నేను కాదురా. మీ నాన్న వేళ్ళు." ఆయన వైపు తిరిగింది. "నా భుజం గేరు రాడ్డు కాదు. దాన్ని తట్టి బండి తోలుదామనుకోకండి."

ఆయనకి కోపం నషాళానికి అంటింది. కర్ర నేలకేసి కొట్టాడు.

"జీవితమంతా బస్సు తోలినవాణ్ణే! నాకా నేర్పేది?"

"బస్సు తోలారు. ఎవరు కాదన్నారు? అది డీజిలుది. ఇది పెట్రోలు బండి. పై గేరంటే పెద్ద అంగ. నీళ్ళ బిందె నెత్తినెట్టుకుని కొండెక్కే మనిషిని పెద్ద పెద్ద అంగలెయ్యమంటే వేస్తుందా? రొప్పుతుంది, కూలబడుతుంది. చిన్న చిన్న అడుగులైతే ఎక్కుతుంది. కొండ మొదట్లోనే మూడో గేరుకి దించాలి. గేరు దించకుండా యాక్సిలరేటరు తిప్పుతూ పోతే పెట్రోలు తాగక ఏం చేస్తుంది?"

"అంటే చదును మీద కూడా మూడులోనే ఈడుస్తావా?"

"చదును మీద మీరే రైటు. ఇంజను తేలిగ్గా ఉంటే పైకి వేసెయ్యాలి. అరిపించకూడదు. కానీ తేలిగ్గా ఉందో లేదో నా కాలికి తెలుస్తుంది, మీ వేలికి తెలీదు."

కొడుకు మధ్యలోకి రాబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. మెడ నరాలు తేలాయి.

"అసలు ఈ ఇంట్లో డ్రైవరు ఎవరే?"

"నేను."

ఒక్క మాట. గట్టిగా కూడా అనలేదు. అయినా కొడుకు ఒక అడుగు వెనక్కేశాడు. ఇలాంటి మాట ఆవిడ నోటి నుంచి రాగా అతను ఎప్పుడూ వినలేదు.

ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నాడు. వంగని పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"మరి నేనెవర్ని?"

ఆ గొంతు విని ఆవిడ కోపం సగం దిగిపోయింది. సగం మాత్రమే. పక్కన కూర్చుంది గానీ చెయ్యి పట్టుకోలేదు.

"నాకు మొగుడు. ఇంకా ఏం కావాలి? వెనక కూర్చోండి, సీటు పట్టుకోండి. ఒక్క ట్యాంకు నా కాలి ఇష్టప్రకారం తోలతా. అప్పటికీ ఇలాగే తాగితే నేనే తాళం ఇచ్చేస్తా." కొడుకు వైపు చూసింది. "అప్పటిదాకా మీ ఆఫీసాయన్ని ఆగమను. ఆగలేనంటే వేరే బండి చూసుకోమను."

"అమ్మా, మళ్ళీ పడితే?"

"పడితే లేస్తాం. ఇవాళ లేవలేదా?"

మర్నాడు బంకులో ట్యాంకు నిండా పోయించింది. ఆయన మొహం గంటు పెట్టుకునే ఎక్కాడు. చేతులు సీటు వెనక కమ్మీని పట్టుకున్నాయి. వీధి చివర ఒకసారి కుడిచెయ్యి లేచింది. మళ్ళీ తనే దించేసుకున్నాడు. ఆవిడ చూడలేదు. చూసినా పట్టించుకునేది కాదు.

చదును రోడ్డు మీద ఆవిడ మడమ తన పని తాను చేసుకుపోయింది. ఇంజను గొంతు పెంచేలోపే పై గేరు, మళ్ళీ పై గేరు. ఆయన విన్నాడు. అరుపు లేదు. కొండ ఇంకా ముందుండగానే వేళ్ళు రెండుసార్లు కిందికి నొక్కాయి. మూడో గేరు. బండి విసుక్కోకుండా, తొందరపడకుండా, ఒకే ఊపులో ఎక్కింది. నిన్నటి గడగడ ఆయన నడుముకి ఇంకా గుర్తుంది. ఇవాళ దాని జాడే లేదు. పైకి చేరాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమన్నారు?"

"ఏమన్లేదు. దగ్గు."

అలా ఎన్నోసార్లు వెళ్ళొచ్చారు. మామూలుగా మళ్ళీ బంకుకి వెళ్ళాల్సిన రోజొచ్చింది. ఆవిడ బంకు ముందు నుంచే వెళ్ళిపోయింది. ఆయన మెడ తిప్పి బంకు వైపు చూశాడు, వంగి పెట్రోలు ముల్లు చూశాడు. ముల్లు ఇంకా ఎర్రగీత దాకా రానేలేదు. ఆ తర్వాతిసారీ ఆగలేదు.

ఆ రోజు ఆస్పత్రిలో కాలు వ్యాయామం అయ్యాక బయట బెంచీ మీద కూర్చున్నాడు. కొట్లో బట్టలు ఇచ్చేసి ఆవిడ తిరిగొచ్చేసరికి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆవిడ స్తంభం పక్కన ఆగింది.

"అక్కర్లేదు, మీ ఆఫీసాయన్ని రావద్దను... బండి అమ్మం... పెట్రోలా? పెట్రోలు బాగానే ఉంది. తప్పు బండిది కాదురా, గేరుది. గేరు చెప్పింది నేను." కాసేపు అవతలి మాట విన్నాడు. "పడేస్తే ఇద్దరం పడతాం. నువ్వొచ్చి లేపు. లేపలేవా? ఎందుకు కన్నాం నిన్ను?... మీ అమ్మ డ్రైవరు. తోలగలనంది, తోలుతోంది. ఇంకోసారి అమ్మే మాటెత్తితే నా కర్ర నీకు తెలుసు."

ఫోను జేబులో పెట్టుకుని తలెత్తితే ఎదురుగా ఆవిడ.

"ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే."

"అబద్ధాలు కూడా నేర్చావా?"

"మీ వెనకాల బతికితే అన్నీ వస్తాయి."

"నా వెనకాల కాదులే ఇప్పుడు." కర్ర ఊతంగా లేస్తూ ఆయన ఇంకో మాట అన్నాడు. మొహం పక్కకి తిప్పుకుని అన్నాడు. "ఆ రోజు లారీవాళ్ళ ముందు అనకుండా ఉండాల్సింది."

"అవును, అనకుండా ఉండాల్సింది," అంది ఆవిడ. పోనీలెండి అనలేదు. ఆయన ఎక్కేదాకా బండి కదలకుండా పట్టుకుంది.

తిరుగు దారిలో ఎండ మెత్తబడింది. మూడో గేరులో కొండెక్కుతున్నారు. ఆయన పనిలేని కళ్ళు మొదటిసారి రోడ్డు వదిలి పక్కకి తిరిగాయి. లోయలో నది వంపు తిరిగింది. దాని మీద పాత రైలు వంతెన. వంతెన కింద తెల్లటి పక్షులు నీళ్ళకి తగిలీ తగలనట్టు గుంపుగా తిరుగుతున్నాయి.

"ఏమే... ఇక్కడ నది ఉందా?"

"మీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా నేను చూసేదాన్ని."

"రోజుకి నాలుగుసార్లు తోలాను ఈ దారిలో. నాకు రోడ్డు తప్ప ఏమీ కనపళ్ళేదు."

ఆయన చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని, గాలికి నీళ్ళొస్తున్నాయన్నాడు. కాసేపటికి చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఆపవే, కాస్త చూస్తాను."

"ఆపను. ఎత్తు మీద ఆపితే మళ్ళీ ఒకటో గేరు నుంచి ఎక్కాలి. పెట్రోలు దండగ."

"మరెలా?"

"ఎల్లుండి మళ్ళీ వస్తాంగా," అంది ఆవిడ. "అప్పుడు చూద్దురు గాని."