పన్నెండులో ఆరు

ఉదయం 7.10. నందిగామ శివారులోని ఓ ప్రైవేటు ఫార్మసీ కాలేజీ. ల్యాబ్ తెరిచి ప్లేట్లను మైక్రోస్కోప్ కింద చూసిన కృష్ణప్రియ అక్కడే నిలబడిపోయింది.

పన్నెండు ప్లేట్లలోనూ కణాలు చచ్చాయి.

ఆరింటిలో బతికుండాలి. పదకొండింటికి ఎగ్జామినర్లు వస్తారు. అవి చూపించకపోతే ఐదేళ్ల పీహెచ్‌డీ పోయినట్టే.

ఆమె ఫోన్ చేస్తే 8.30కి ఎస్సై బ్రహ్మయ్య వచ్చాడు.

"నాకర్థమయ్యేట్టు చెప్పమ్మా."

"కణాన్ని చచ్చిపొమ్మని చెప్పే ప్రోటీన్లుంటాయండి. కైనేజ్‌లంటారు. అదో కుటుంబం. నా మందు వాటి నోరు నొక్కుతుంది. మందేసిన ఆరూ బతకాలి. వెయ్యనివి చావాలి."

"మందు పనిచెయ్యలేదేమో?"

"కైనేజ్ చంపితే కణం ముడుచుకుపోతుందండి. మందేసిన ఆరింట్లో ఉబ్బి పగిలాయి. ఉత్త నీళ్లు పడితేనే అలా అవుతాయి. ఎవరో పోశారు."

నిన్న సాయంత్రం 6.20 నుంచి 6.40 వరకు ఆమె ప్రిన్సిపాల్ గదిలో ఉంది. ఆలోగా ల్యాబ్‌లోకి ముగ్గురు వెళ్లొచ్చారు. అటెండర్ లూర్దమ్మ. తోటి స్కాలర్ నౌషాద్. ఆమెను జగ్గయ్యపేటలో ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన భర్త హరిచరణ్.

బ్రహ్మయ్య ముగ్గురినీ పిలిపించాడు.

"ఆవిడంటే కుళ్లట కదా నీకు?"

"కుళ్లే సార్," అన్నాడు నౌషాద్. "నా వెనక చేరి నాకన్నా ముందు అయిపోతుంటే ఉండదా? తిట్టుకున్నా. ముట్టుకోలేదు."

"నువ్వమ్మా?"

"అయ్యేంటో తెలిస్తే గదయ్యా పాడుచెయ్యటానికి! బల్ల తుడిచా, బయటికొచ్చా," అంది లూర్దమ్మ.

హరిచరణ్ జువాలజీ లెక్చరర్. పీహెచ్‌డీ మధ్యలో వదిలేసినవాడు.

"నౌషాద్‌నే గట్టిగా అడగండి సార్," అన్నాడు.

బ్రహ్మయ్య ప్లేట్ల వైపు చూశాడు. మూతల మీద అక్షరాలు తప్ప ఏమీ లేవు.

"మందేసినవేవో ఎలా తెలుస్తుంది?"

"తెలియకూడదండి. పక్షపాతం లేకుండా చూడాలని అక్షరాలు కలిపేస్తాం. ఎగ్జామినర్లకి చెప్పాలని ఇవాళే జాబితా చూసొచ్చా. దాన్ని ల్యాబ్‌లో ఉంచను. మా వంటింటి క్యాలెండర్ మీద, పాలు రాని రోజుల పక్కన..."

ఆమె ఆగిపోయింది.

"అదీ సంగతి," అన్నాడు బ్రహ్మయ్య. "జాబితా తెలియనివాడు పన్నెండింట్లోనూ పోస్తాడు. వీడు ఏరి ఆరింట్లోనే పోశాడు, మందుదే తప్పని మీరనుకోవాలని. ఆ క్యాలెండర్ చూసేదెవరు?"

హరిచరణ్ తల ఎత్తలేదు.

"పేటలో నన్నెవరూ పేరుతో పిలవట్లేదు," అన్నాడు. "కృష్ణప్రియ మొగుడంటున్నారు. నా స్టాఫ్ రూంలో కూడా."

బ్రహ్మయ్య గొంతు తగ్గించాడు. "ఇంటి గొడవమ్మా. కేసు వద్దంటే ఇక్కడితో ఆపేస్తా."

10.15. కృష్ణప్రియ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పదకొండింటికి నాకు చూపించుకోవటానికి ఆ కేసు కాగితమొక్కటే ఉందండి. రాసుకోండి. ముద్దాయి హరిచరణ్. కృష్ణప్రియ మొగుడు."