మొదటి వైపు మూడో పాట

పాటల కొట్టు కురోగి రెండు రోజులుగా షట్టరు సగమే ఎత్తుతున్నాడని, లోపల ముక్కు చీదుకునే చప్పుడు మెట్లదాకా వినిపిస్తోందని కింది వాటాలో లాండ్రీ నడిపే కోజుమా అన్నదట. అన్నది ఎదురింటి మంగలితో. మంగలి ఆ మాటను గడ్డం నురగతో కలిపి ఎతో అనే కుర్రాడి చెంపలకు పూశాడు. ఎతో దాన్ని ఆరనివ్వకుండా మోసుకొచ్చి తన యజమానురాలి ముందు పెట్టాడు.

"ముసలాయన పాటను ఎవరో మింగేశారట చిజుగారూ. ఐదు పాటల్లో మూడోదట. ఆకుపచ్చ జుట్టు పిల్ల సుజునే పనేనట."

మునకత చిజు ఫుకువోకా ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివు. భర్తల వెంట భార్యల తరఫున, భార్యల వెంట భర్తల తరఫున తిరగడమే ఆమెకు బతుకుతెరువు. పాటను మింగిన దొంగ ఆమెకూ కొత్తే. "నీ 'అట'లన్నీ కలిపితే ఒక పూట కూరకు చాలవు" అంటుండగానే తలుపు కదిలింది. కురోగి నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

అతని పని ఊళ్ళో చాలామందికి తెలిసిందే. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా, సన్న గొంతులతో, చవక గిటార్లతో సొంతంగా పాటలు చేసుకునే బ్యాండ్ల కోసమే అతని కొట్టు. అతను వేసే ప్రతి క్యాసెట్టుకూ మొదటి వైపు జనం మరిచిపోయిన పాత బ్యాండు, రెండో వైపు నిన్నమొన్న పుట్టిన కొత్త బ్యాండు. పాతవాళ్ళ కోసం కొన్న పెద్దలు తిప్పి పిల్లల్ని వింటారు. పిల్లల కోసం కొన్న పిల్లలు తిప్పి తమ తల్లుల కాలాన్ని వింటారు. ఈసారి పాతవాళ్ళు 'తెల్ల మేజోళ్ళు'. షోవా కాలం చివర్లో, అంటే ఎనభైల్లో, ఈ ఊరి హైస్కూలు ఆడపిల్లలు కట్టిన బ్యాండు. కొత్తవాళ్ళు సుజునే బృందం, 'మెట్ల కింది పిల్లి'.

"తెల్ల మేజోళ్ళ టేపు లోకంలో ఒక్కటే మిగిలిందండీ. పాత సామాన్ల అంగట్లో దొరికింది. దాని మూడో పాటను తుడిచేశారు."

"నకలు లేదా?"

కురోగి చెవులు ఎర్రబడ్డాయి. "తియ్యలేదు. ఎవర్నీ ఫోన్లో రికార్డు చేసుకోనివ్వలేదు కూడా. వినాలంటే నా కొట్టుకే రావాలని... అదొక పొగరు."

"మరి నా దగ్గరకెందుకు? పోయిన పాటను నేను తేలేను."

"పాట కోసం కాదండీ. నలుగురి ముందూ ఆ పిల్లను దొంగ అన్నాను. ఆ మాట పాకి, ఆదివారం కచేరీలోంచి వాళ్ళ పేరు కొట్టేశారు. నిజంగా ఆ పిల్లేనా? కాకపోతే నేనెలా తల ఎత్తుకోను?"

మేడమీది కొట్టులో చెప్పులు విడిచి వెళ్ళేసరికి సుజునే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అడగకముందే అందుకుంది.

"అవును పిన్నిగారూ, అన్నాను. ఆ మూడో పాట పక్కన మావన్నీ ఉప్పులేని కూడులా ఉన్నాయి, అది లేకపోతే బాగుండు అన్నాను. ఆరోజు మధ్యాహ్నం కొట్టులో ఒంటరిగా కూడా ఉన్నాను. అయితే? పక్కింటి కోడలు అందంగా ఉందని మొహం మీద మసి పూస్తామా?"

"నీ తర్వాత ఎవరొచ్చారు?"

"ఇజిచి మసుమిగారు" అన్నాడు కురోగి. "తెల్ల మేజోళ్ళలో పాటలు రాసి పాడింది ఆవిడే. ఇప్పుడు చిన్నపిల్లల బడిలో వైస్ ప్రిన్సిపాల్. విని అనుమతి ఇస్తానని వచ్చారు. ఎందుకో మొహం పాలిపోయి ఉంది. టీ తెమ్మంటే నేను వీధి చివరకు వెళ్ళొచ్చాను. సొంత పాటను ఎవరైనా తుడుచుకుంటారా అని ఆవిణ్ణి లెక్కలోకే తీసుకోలేదు."

చిజు టేపు పెట్టింది. రెండో పాట ముగిశాక చప్పుడు లేదు. రెండు నిమిషాల తర్వాత నాలుగోది తుళ్ళుతూ మొదలైంది. క్యాసెట్టు బయటికి తీసి వెన్ను చూసింది. రెండు చిన్న గుంటలు. ఒకటి తెరిచి ఉంది. రెండోదాని మీద లేత రంగు అంటుపట్టీ ముక్క, అంచున ఆకుపచ్చ మరక.

"పాతదే అయ్యుంటుంది" అన్నాడు కురోగి. చిజు వేలితో నొక్కింది. వేలికి జిగురు అంటింది.

ఆమె అరలోంచి మరో పాత క్యాసెట్టు తీసి సుజునేకు ఇచ్చింది. "దీనిమీద నీ పేరు రికార్డు చెయ్యమ్మా."

సుజునే మీట నొక్కింది. దిగలేదు. పిడికిలితో మోదింది. "మీ మిషను చచ్చిపోయింది, కురోగిగారూ."

"క్యాసెట్లు వేస్తున్నారుగా మీరు?" అంది చిజు.

"కార్ఖానా వాళ్ళు చేసిస్తారు. మేం అట్టలు అంటిస్తాం, అంతే."

దిగేటప్పుడు చిజు లాండ్రీ ముందు ఆగింది. లోపల ఆవిరి. ఎతో ఆ మూడో పాటను కూనిరాగం తీస్తున్నాడు. చెరపకముందు ఒకసారి కొట్టులో విన్న రోజు నుంచీ అది అతని నోటిని వదల్లేదు.

"మూడోదే పోయిందని మీకెవరు చెప్పారు, కోజుమాగారూ?"

"ఒకరు చెప్పేదేంటి? నా నెత్తిమీదేగా మోగేది! రెండో పాటకి చొక్కా మెడపట్టీ, మూడో పాటకి చేతులు. నెలనించీ అదే వరస. మొన్నట్నించి చేతుల దగ్గరికొచ్చేసరికి క... క..." ఇస్త్రీపెట్టెను బల్లమీద టక్కున కొట్టింది. మాట కదిలింది. "కరెంటు పోయినట్టుంటోంది."

"మీది ఈ ఊరేనా?"

"ఈ కొట్టు మా నాన్నది. పుట్టిందీ ఇక్కడే, బడి మానిందీ ఇక్కడే."

మర్నాడు చిజు, ఎతో ఇజిచి మసుమి పనిచేసే బడికి వెళ్ళారు. ఇనప గేటు అంచు తగిలి ఎతో వేలు తెగింది. మసుమి చనువుగా అతని చెయ్యి లాక్కుని, బ్యాగులోంచి కప్ప బొమ్మ ఉన్న అంటుపట్టీ తీసి చుట్టింది. "పిల్లల బళ్ళో ఇవి లేకపోతే రోజు గడవదు." ఆమె వెనక గోడమీద 'తోటివాళ్ళను ఏడిపించవద్దు' అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.

"మీ పాటంటే ప్రాణమండీ" అని ఎతో అందుకున్నాడు. "కిటికీ పక్క కొంగమ్మా, నోరు తెరిచావు, చేప ఏదీ... ఎంత ప్రేమ! ఎవరండీ ఆ కొంగ?"

మసుమి చెయ్యి అతని వేలిమీదే ఆగిపోయింది. "నది ఒడ్డున కొంగలకేం కొదవ?" అంది. అతనివైపు చూడలేదు.

శనివారం పొద్దున చిజు అందర్నీ కురోగి కొట్టుకు పిలిచింది. కోజుమా తడి చేతులు తుడుచుకుంటూ పైకొచ్చి, "నన్నెందుకు, బట్టలు ఉడుకుతున్నాయి" అని సణుగుతూ గుమ్మం దగ్గరే కూర్చుంది. ఆమెను చూడగానే మసుమి కళ్ళు నేలకు దించింది.

"క్యాసెట్టు వెన్నున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిస్తే దానిమీద ఇక రికార్డు కాదు" అంది చిజు. "ఈ టేపుకూ విరిచారు. చెరపాలంటే ఆ గుంటను మూయాలి. ఆ సంగతి క్యాసెట్లతో పెరిగినవాళ్ళకే తెలుసు. నేనిచ్చిన క్యాసెట్టుకూ అది విరిచే ఉంది, సుజునే మిషను చచ్చిందనుకుంది. మూసిన పట్టీ కొత్తది. దాని అంచున ఆకుపచ్చ మరక. ఎతో, వేలు పెట్టు."

ఎతో వేలు చాపాడు. కప్ప కాలి ఆకుపచ్చా, క్యాసెట్టు మీది ఆకుపచ్చా ఒక్కటే.

"పాత బ్యాండు మీద కడుపుమంట ఉన్నవాళ్ళు ఐదూ చెరిపేవాళ్ళు. ఇక్కడ ఒక్కటే పోయింది. కురోగిగారు టీకి వెళ్ళిన కాసేపు చాలు. ఆ పాటలో ఏముందో మీరే చెప్పండి, ఇజిచిగారూ."

మసుమి చాపమీద మోకాళ్ళు వంచి, నుదురు నేలకు ఆనించింది. ఆ మాటలు నేలతోనే చెప్పింది.

"మా క్లాసులో నత్తి ఉన్న పిల్ల ఉండేది. పాఠం చదవమంటే నోరు తెరిచి అలాగే నిలబడేది, కొంగలా. నేనే పాట కట్టాను. అది లేవగానే క్లాసంతా పాడేవాళ్ళం. బడి మానేసింది. ఆరోజు మెట్లెక్కుతుంటే కింద బోర్డు కనిపించింది, కోజుమా లాండ్రీ అని. పైకొస్తే అదే పాట మోగుతోంది. ప్రేమ పాట అంటూ కురోగిగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను చేసినదానికి నింద ఈ పిల్లమీద పడిందని తెలిసి కూడా నోరు మెదపలేదు."

ఎతో వేలు వెనక్కి లాక్కున్నాడు. ఊరంతా తిరుగుతూ తను పాడింది ఏమిటో ఇప్పుడు తెలిసింది.

కురోగి సుజునే ముందు వంగాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. "తప్పు నాదమ్మా."

"నలుగురి ముందు అన్నారు, నలుగురి ముందే చెప్పండి" అంది సుజునే. "ఆ కచేరీ వాళ్ళతో కూడా. ఇప్పుడే."

అతను ఫోను అందుకుని, అందరూ వినేలా చెప్పాడు.

మసుమి మోకాళ్ళమీదే గుమ్మంవైపు తిరిగింది. "క్షమించు కోజుమా. అది నీ చెవిన పడకూడదనే చెరిపేశాను."

కోజుమా నోరు తెరిచింది. మాట రాలేదు. అరచేత్తో గుమ్మాన్ని ఒక్కటి చరిచింది.

"నెలనించీ వింటూనే ఉన్నా. రాసేటప్పుడు నన్నడగలేదు, పోనీ, పిల్లకాయలు. చెరిపేటప్పుడైనా నాలుగు మెట్లు దిగి అడగొచ్చుగా, మసుమీ? ఆ బళ్ళో నేనూ ఒకదాన్ని ఉన్నానని చెప్పేది ఆ పాటొక్కటే."