మెల్లగా నడిపినవాడి నల్లపొగ

బండి ఒక్కసారి దగ్గితే చాలు, దాని జబ్బేమిటో చెప్పేయగలవాణ్ని నేను. బానెట్ ఎత్తనక్కర్లేదు, స్టీరింగు ముట్టుకోనక్కర్లేదు. షెడ్డుకెదురుగా బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుని వింటానంతే. తేనెటీగలాయన జీపు రోగం కూడా మొదటిరోజే నాకు తెలిసిపోయింది. నోరు మూసుకున్నాను. చెప్పి ఉంటే ఈ కథ ఆ సాయంత్రానికే అయిపోయేది, ఒక పెళ్లి తప్పిపోయేది.

షెడ్డు పేరుకు మేస్త్రిది. ఆయనకు నడుం పట్టేసినప్పటినుంచి స్పానర్లన్నీ కూతురి చేతికొచ్చాయి. డీజిల్ ఇంజను మోత వింటే ఆమె ముఖం విప్పారేది. మనుషుల మాటంటే మాత్రం ఓపిక తక్కువ. బండి తెచ్చినవాడు కబుర్లు మొదలుపెడితే, "మీరలా కూర్చోండి, నేను బండిని అడుగుతాను" అనేది.

సన్నగా వాన పడుతున్న ఒక ఉదయం ఆ జీపు వచ్చింది. రాళ్లలోనైనా బురదలోనైనా నాలుగు చక్రాలతోనూ లాగే పాత డీజిల్ జీపు. వాకిట్లో గుంటనిండా నీళ్లుంటే, అందులో ఒక్క చుక్క చిందకుండా వచ్చి ఆగింది. గళ్ల చొక్కా వేసుకున్న పొడుగాటి మనిషి దిగాడు.

"పొగ పరీక్షలో ఫెయిలైందండీ."

"ఎంతొచ్చింది?"

"ఎనభై ఒకటి. యాభై దాటకూడదట."

"ఎనభై ఒకటి తెచ్చుకుని ఇంత దిగులు పడేవాణ్ని మిమ్మల్నే చూశాను."

ఆయన నవ్వాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండగానే ఆమె బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ బయటికి లాగింది. దాని మడతల నిండా మైనం తునకలు, మధ్యలో చచ్చిన తేనెటీగలు.

"ఇది ఫిల్టరా, తేనెపట్టా?"

"వెనక తేనెపెట్టెలు మోస్తుంటానండీ. ఒకటీ అరా షికారుకొస్తుంటాయి."

"షికారుకొచ్చి ఇంజనుకు ఊపిరాడకుండా చేస్తున్నాయి."

"ఎన్ని పోయాయి?" అని మెల్లగా అడిగాడు.

ఎగతాళి అనుకుని ఆమె తలెత్తింది. కాదు. ఆయన నిజంగానే ముందుకు వంగి లెక్కపెడుతున్నాడు. నాలుకచివరి దాకా వచ్చిన ఇంకో చురక ఎందుకో ఆమె మింగేసింది.

కొత్త ఫిల్టర్ వేసింది. ట్రయల్‌కని జీపెక్కి కొండమలుపు దాకా రయ్యిన పోయి వచ్చింది. తర్వాత తండ్రి నేర్పిన పద్ధతిలో పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టుకుని ఇంజన్ని రేజ్ చేసింది. గుడ్డ మీద ఉందో లేదో అన్నంత మసి.

"పాసైపోతారు, వెళ్లండి."

వారం తర్వాత పరీక్ష. ఆ మధ్యాహ్నమే మళ్లీ వాకిట్లో జీపు, పక్కన ఆయన.

"డెబ్భై నాలుగు" అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

"అసంభవం."

"టెస్టరు గారికి కూడా అదే చెప్పానండీ. మా మెకానిక్కు గారు పాసన్నారని. ఆయన మీటరు చూపించాడు."

మేస్త్రి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఇద్దర్నీ చూస్తున్నాడు. "ఇక్కడ తెల్లగా ఉన్న గుడ్డ అక్కడికెళ్లేసరికి నల్లబడిందంటే, మధ్యలో వారం రోజులు బండి ఎవరి చేతిలో ఉన్నట్టు, అమ్మలూ?"

ఆమెకు చురుక్కుమంది. "నిజం చెప్పండి. మీరే ఏదైనా కెలుకుతున్నారా?"

"నేనూ అదే అడుగుదామనుకున్నాను. మీరే ఏదైనా వదిలేస్తున్నారా అని." ఆయన నేల చూపులు చూశాడు. "వదిలేసినా నాకేం కోపం లేదులెండి."

ఆమె వెంటనే జీపు కిందికి దూరింది. కింద చేసే పనేమీ లేదు. ముఖం ఎర్రబడితే దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటు షెడ్డులో లేదు.

మూడు రోజులు బండి అక్కడే ఉంది. ఆయన రోజూ వచ్చి పాత టైరు మీద కూర్చునేవాడు. మొదటిరోజు మేస్త్రికి ఒక సీసా తేనె ఇచ్చాడు. రెండోరోజుకి మేస్త్రి ఆయన్ని "బాబూ" అంటున్నాడు. మూడోరోజు ఆమె ఇంజెక్టర్లు విప్పుతుండగా అసలు సంగతి బయటపడింది.

"ఇంకోసారి ఫెయిలైతే పర్మిట్ పోతుందండీ. కొండమీద పూలు విచ్చే రోజులు దగ్గరపడ్డాయి. పెట్టెలు పైకి చేర్చకపోతే ఈగలకు మేతుండదు. పెట్టెలన్నీ అమ్మేయాలి."

"అమ్మేసి?"

"మా బావ వాళ్ల ఊళ్లో ఆఫీసు ఉద్యోగం ఉందట. ఏసీ గది."

"వెళ్లాలనుందా?"

"ఈగల్లేని గదిలో నేనేం చేస్తానండీ? నా మాటే నాకు వినబడుతుంది."

ఆమె స్పానరు అందుకుంది. విప్పాల్సిన బోల్టును అవసరానికి మించి బిగించింది. ఇంజెక్టర్లలో వంక పెట్టడానికేమీ దొరకలేదు. పంపు బాగుంది. వాల్వులు బాగున్నాయి. మళ్లీ ట్రయల్, మళ్లీ తెల్లగుడ్డ. రోగం లేని బండి రోగిలా ఎందుకు ప్రవర్తిస్తోందో ఆమెకు అంతుబట్టలేదు.

ఇక్కడ నేనొక ముక్క ఒప్పుకోవాలి. మొదటిరోజే రోగం కనిపెట్టి నోరు మూసుకున్నానన్నాను కదా. మూసుకోలేదు. బెంచీ మీంచి అందరికీ వినబడేలా "బ్యాటరీ మార్చమ్మా" అని అరిచాను. పెద్దవాణ్నని ఆమె విననట్టు ఊరుకుంది.

ఆయన జీపు తీసుకెళ్లి అయిదు రోజులైంది. పరీక్ష రోజు పొద్దున్నే ఆయన వచ్చేసరికి ఆమె చేతులు కడుక్కుని, శుభ్రమైన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నేనూ వస్తున్నాను. ఈసారి ఆ మీటరు సంగతేమిటో నా కళ్లతో చూడాలి."

ఆయన జీపు కదిలించాడు. కదిలిందని ఆమెకు తెలియడానికే కాస్త సమయం పట్టింది. మిగతా చక్రాలతో చర్చిస్తున్నట్టు ఒక్కో చక్రం ముందుకు దొర్లింది. సైకిలు మీద పోస్ట్‌మ్యాన్ పక్కగా వచ్చి, నమస్కారం పెట్టి, దాటిపోయాడు. తర్వాత చంటిపిల్లను బండిలో తోసుకెళ్తున్నావిడ దాటింది.

"ముందు ఏమైనా అడ్డముందా?" అంది ఆమె.

"లేదండీ."

"మరెందుకీ నడక?"

"ఇదే నా స్పీడు."

"ఎప్పుడూనా?"

"కుదిపితే ఈగలు బెదురుతాయి. పెట్టెల్లో మైనపు అరలు విరుగుతాయి. పదకొండేళ్ల అలవాటు."

"ఇప్పుడు వెనక పెట్టెలున్నాయా?"

ఆయన అద్దంలో చూశాడు. "లేవు."

ఆమె నుదుటి మీద కొట్టుకుంది. తర్వాత పగలబడి నవ్వింది. ఆయన కంగారుగా ఇంకాస్త మెల్లగా నడిపాడు.

"డీజిల్ ఇంజను ఒళ్లు వేడెక్కాలండీ. మీరు దానికి చెమట పట్టనివ్వరు. కాలీకాలని మసంతా గొట్టంలో పేరుకుంటుంది. అక్కడ టెస్టరు గట్టిగా తొక్కమనేసరికి వారం రోజుల మసి ఒక్కసారిగా కక్కేస్తుంది. నేను ట్రయల్‌కి తీసుకెళ్లినప్పుడల్లా వాయించేస్తాను కాబట్టి నా గుడ్డ తెల్లగా ఉంటోంది." ఆమె నవ్వు ఆగింది. "రెండుసార్లు బండిని అడిగాను. మిమ్మల్ని ఒక్కసారైనా అడగలేదు. తప్పు నాదే."

"నేను చెప్పాల్సింది."

"చెప్పబోతే టైరు మీద కూర్చోమన్నాను కదా. ఎంత టైముంది?"

"గంట."

"కొండదారికి తిప్పండి. తక్కువ గేరు వేసి తొక్కండి."

"దానికి నొప్పి..."

"దానికి నొప్పి లేదు. భయం మీకు."

ఆయన ఊపిరి బిగబట్టి తొక్కాడు. జీపు ఒక్క గర్జన గర్జించి ఎత్తు ఎక్కింది. వెనక లేచిన పొగ చూడాలి. సూర్యుడికి దారి కనబడలేదు. పక్షులు సాయంత్రమైందనుకుని గూళ్లకు బయల్దేరాయి. దారి పొడవునా వీధి దీపాలు పొద్దున తొమ్మిదికి టపటపా వెలిగాయి. రెండో మలుపు దగ్గర పొగ బూడిదరంగుకు దిగింది. నాలుగో మలుపు దగ్గర చినుకులు మొదలయ్యాయి, వెనక వాన తప్ప ఏమీ లేదు. ఆయన నవ్వుతున్నాడు. అంత పెద్ద నవ్వు ఆ మనిషిలో ఉందని ఆమె అనుకోలేదు.

కొండ మీద ఆగారు. ఆయన తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"ఆపకండి, వేడి దిగిపోతుంది" అంది.

ఇంజను గురగురమంటోంది. అద్దం మీద వాన.

"ఫెయిలైతే బావగారి ఊరికి. పాసైతే?"

"పెట్టెలతో ఇక్కడికి."

"ఈ మధ్యలో నాకు చెప్పాల్సిందేమైనా ఉందా?"

ఆయన వైపర్లు వేశాడు. "ఉంది. మెల్లగా చెబుదామని..."

"మెల్లగా నడపబట్టే బండికి ఈ గతి పట్టింది."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "బండి బాగుపడకూడదని మొదటిరోజే మొక్కుకున్నాను. మీ షెడ్డుకు ఇంకోసారి రావచ్చని. మీరంటే ఇష్టం. పాసైనా, ఫెయిలైనా."

"ఫెయిలైతే ఆ ఏసీ గదిలో డీజిల్ వాసనకు చోటుంటుందా?"

"కిటికీలు తీయిస్తాను."

"అక్కర్లేదు. పాస్ చేయిస్తాను. పోనివ్వండి, మెల్లగా మాత్రం కాదు."

టెస్టరు పొగగొట్టంలో మీటరు నాళిక పెట్టి తొక్కమన్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మీటరు కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ముప్ఫై ఒకటి.

"ఏ పార్టు మార్చావమ్మా?"

"పార్టు మార్చలేదండీ. డ్రైవర్ని రిపేర్ చేశాను."

తిరిగొచ్చేసరికి మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. "పాసైందా?"

"అయింది నాన్నా."

మేస్త్రి కూతురి ముఖం చూశాడు, ఆయన ముఖం చూశాడు, నడుం నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాడు. "అయితే ఒక్క షరతు బాబూ. పెళ్లికి బండి మా అమ్మలు నడుపుతుంది. నువ్వు నడిపితే భోజనాలు చల్లారిపోతాయి."

"అలాగే మామయ్యా" అన్నాడాయన. పదకొండేళ్లలో ఆయన ఆలోచించకుండా అన్న మొదటి మాట అదే అయ్యుంటుంది.

పూలు విచ్చేలోగా పెట్టెలన్నీ కొండెక్కాయి. పెట్టెలున్నప్పుడు ఆయన నడిపాడు, ఖాళీ అయ్యాక ఆమె. ఇందులో నేను కల్పించింది ఒక్కటే. పొగకు వీధి దీపాలు వెలిగాయన్నానే, అది అబద్ధం. ఆ కొండదారికి అసలు వీధి దీపాలే లేవు.