ఈల గుంజ దగ్గర లాంతరు

అది 1951, అక్టోబరు నెల. ఆ ఏటికి ఇసుక మీద చివరి మోటార్‌సైకిలు పందేలు జరగాల్సిన వారం.

మా స్కార్త్ అఖాతంలో, ఒడ్డుకు మైలున్నర దూరాన, సముద్రం వెనక్కి తగ్గితే బయటపడే ఇసుకలో ఒక గుంజ పాతి ఉంటుంది. దాన్ని ఈల గుంజ అంటాం. చీకటి పడ్డాక దాని దాపులకు ఎవరూ పోరు. మా తాతల నాడు బెన్సన్ అనే రొయ్యలవాడు గుర్రంతో, బండితో సహా అక్కడి ఊబిలో దిగిపోయాడు. నోట్లోకి నీళ్లు వచ్చేదాకా గుర్రం కోసం ఈల వేస్తూనే ఉన్నాడట. ఇప్పటికీ వేస్తాడని చెబుతారు. ముందు ఈల వినబడుతుంది... తర్వాత మనిషి గొంతుతో పిలుపు. పలికావా— పోటు నిన్ను తీసుకుపోతుంది.

పబ్బులో ఎవరైనా ఈ మాట ఎత్తితే నేను నవ్వేవాణ్ణి. "వంద ఏళ్లు నీళ్లలో నానినవాడికి ఈల వేయడానికి పళ్లెక్కడివిరా?" అనేవాణ్ణి. అప్పటికే ముప్పయ్యేళ్లుగా ఆ ఇసుక మీద రొయ్యల బండి తోలుతున్నవాణ్ణి. నాకు భయమేమిటి?

ఇది మా బావ అమోస్ గిల్ సంగతి. ఆయన చెప్పగా విన్నది. ఆయన చెప్పినట్టే చెబుతాను.

అమోస్ మా చెల్లెలు హెట్టీ మొగుడు. బాయిలర్లు బాగుచేసేవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండేళ్లు కూర్చుని ఒక పందెం మోటార్‌సైకిలు తయారు చేశాడు. పాత ఇంజనే. దానికి తుక్కులో దొరికిన బాంబర్ విమానపు గాలి పంపు తగిలించాడు. సూపర్‌చార్జర్ అంటారు దాన్ని. మామూలు ఇంజను తనకు కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. దీనికి మాత్రం గాలినీ పెట్రోలునీ కలిపి గొంతులో కుక్కుతారు. బలం రెట్టింపవుతుంది. కానీ ఆ పంపు ఇరవై రెండు పౌండ్ల బరువు.

"ఎంత ఎక్కించానో అంత దించాలి సిలసూ," అన్నాడు నాతో. "లేకపోతే ఎద్దుకు రెక్కలు కట్టినట్టే."

నా రొయ్యల తక్కెడ పట్టుకెళ్లి షెడ్డు దూలానికి వేలాడదీశాడు. స్టాండు పీకాడు. దీపం పీకాడు. హారన్ పీకాడు. ముందు బ్రేకు పీకి, "పందెంలో ఆగేవాడెవడు?" అన్నాడు. ఇక చివరికి బెజ్జాలు. హ్యాండిల్ గొట్టానికి, వెనక చట్రానికి, లివర్లకు, రేకులకు— ఎక్కడ ఇనుము కనబడితే అక్కడ బెజ్జం. పది బెజ్జాలకు ఒక ఔన్సు తగ్గుతుందట. నేను లెక్కపెట్టిన రోజున మూడు వందల పన్నెండు ఉన్నాయి.

"బావా, ఇంకో నాలుగు పెట్టావంటే ఇది రొయ్యల జల్లెడ. నాకిచ్చెయ్, పనికొస్తుంది," అన్నాను.

"నీ గుర్రాన్ని ఇటు తీసుకురా. దానికీ నాలుగు పెడతా, కాస్త కదులుతుంది."

"దాని జోలికి రాకు. మెడలో గంట పోతపోసి ఇచ్చావు, అది చాలు."

టీ తెచ్చిన హెట్టీ తన వేలు వెనక్కి దాచుకుంది. "నా ఉంగరం వైపు చూడకు. దానికి ఇప్పటికే ఒక బెజ్జం ఉంది."

శనివారం పందెం. శుక్రవారం అర్ధరాత్రి దాటితేగాని పంపు గొలుసు సరిగ్గా కుదరలేదు. సముద్రం బాగా వెనక్కి తగ్గి గట్టి ఇసుక బయటపడేది తెల్లవారుజామున నాలుగింటికి. వెన్నెల ఉంది.

"ఒక్కసారి అర మైలు. అంతే. టీ కాచి పెట్టు," అని హెట్టీతో చెప్పి, బండి తోసుకుంటూ దిగాడు.

ఊరంతా విన్నాం ఆ కేక. పంది గొంతు కోస్తున్నట్టుంటుంది ఆ పంపు. సాగి సాగి, పైకి పైకి పోయి... ఠక్కున ఆగిపోయింది.

అమోస్ బండిని మైలు దూరం తోసుకుపోయి, అక్కడి నుంచి ఈల గుంజను గురి పెట్టుకున్నాడు. గుంజ దాటగానే ఆపాలి. దాటాడు. వెనక బ్రేకు తొక్కాడు. బెజ్జాలు పడ్డ లివరు పాదం కింద రెల్లుగడ్డిలా వంగిపోయింది. నలభై గజాలు పోయి మెత్తని చోట ముందు చక్రం దిగబడింది. బండి ఒరిగింది. ఎడమ కాలు ఇంజను కింద చిక్కుకుంది.

లాగాడు. రాలేదు.

గట్టిగా లాగాడు. మోకాలిదాకా పోయింది. మా ఇసుక అంతే. కదిలేవాణ్ణి మింగుతుంది. కదలనివాణ్ణి సిమెంటులా బిగిస్తుంది.

చంద్రుడి మీదికి మబ్బు వచ్చింది. సముద్రం వైపు నుంచి గాలి లేచింది. అప్పుడు...

ఈల.

సన్నగా, వెనక నుంచి, చెవి పక్కనే. ఒకటి కాదు. ఒకటి మొదలుపెడితే ఇంకొకటి అందుకుంటోంది. అమోస్ తల తిప్పలేదు. తిప్పితే ఎవరు కనబడతారో అని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గాలి తగ్గితే అది తగ్గుతోంది... గాలి హెచ్చితే దగ్గరికి వస్తోంది.

ఎంతసేపో తెలియదు. కళ్లు తెరిస్తే ఒడ్డు వైపున ఒక వెలుగు. లాంతరు. ఊగుతూ తిన్నగా ఇటే వస్తోంది.

"ఇక్కడ! ఇక్కడున్నా!" అని అరిచాడు.

రెండు వందల గజాల దూరంలో లాంతరు ఆగింది.

"రండి! కాలు చిక్కుకుంది! రండయ్యా!"

లాంతరు అటూ ఇటూ ఊగింది. తర్వాత... వెనక్కి తిరిగింది. ఆయన అరిచే కొద్దీ వేగం పెంచింది. చిన్నదై, చుక్కై, చీకట్లో కలిసిపోయింది.

అమోస్ ఏడ్చాడట. నాతో అదొక్కటే నవ్వకుండా చెప్పాడు. పైకి లేద్దామని హ్యాండిల్ గొట్టం పట్టుకున్నాడు. అరచేయి గొట్టం మీద పడగానే ఈల స్వరం మారింది.

చేయి తీశాడు. పాత స్వరం. మళ్లీ పెట్టాడు. మారింది.

బెజ్జాలు!

గాలి దూరి ఈల వేస్తున్నది ఆయన రెండేళ్లు కూర్చుని పెట్టిన బెజ్జాలే. బండి నడిచేటప్పుడు పంపు కేకలో అది ఎవరికీ వినబడలేదు. ఆగాక ఇప్పుడు వినబడుతోంది. ఆ లాంతరు మనిషి ముందు ఈల విన్నాడు... తర్వాత మనిషి గొంతుతో పిలుపు విన్నాడు. పారిపోడా మరి?

హారన్ ఉంటే చాలు. దెయ్యాలు హారన్ కొట్టవు. కానీ హారన్ పదమూడు ఔన్సులు.

తడి ఇసుక పిడికిళ్లతో తీసి బెజ్జాల్లో కూరడం మొదలుపెట్టాడు. తను దించిన బరువంతా ఒక్కొక్క చిటికెడే తిరిగి ఎక్కించాడు. ఒకటి మూస్తే ఇంకొకటి గట్టిగా పాడుతుంది. ఈలోగా వీపు కింద చల్లగా తగిలింది. పోటు. చప్పుడు లేకుండా వచ్చి చేరింది. నీళ్లు తొడల మీదికి వచ్చేసరికి రెండు బెజ్జాలు మిగిలాయి. ఇసుక నిలవడం లేదు. వాటి మీద రెండు బొటనవేళ్లు నొక్కి పట్టాడు.

నిశ్శబ్దం.

ఇక అరవకూడదు. అరిస్తే దెయ్యం పిలుపు అవుతుంది. ఇసుక కాలిని పట్టుకుంది, నీళ్లు నడుముకు వచ్చాయి, గొంతు దాకా కేక వచ్చి నిలబడింది— నోరు మూసుకుని కూర్చున్నాడు.

అప్పుడు మళ్లీ లాంతరు వచ్చింది. ఈసారి ఆగలేదు. అది నేను.

ఇంజను చప్పుడు ఆగి ఎంతకీ అమోస్ రాకపోయేసరికి హెట్టీ నా తలుపు బాదింది. "అన్నయ్యా, ఆయన ఇంకా రాలేదు, వెళ్లి చూడు." గుర్రం మొండికేయబట్టి ఆలస్యమైందని తర్వాత అందరికీ చెప్పాను.

పార తెచ్చాను. తవ్వితే ఇరవై నిమిషాల పని. నీళ్లు అప్పటికే ఛాతీకి చేరాయి. ఇరవై నిమిషాలు లేవు. తాడు చంకల కింద కట్టి, రెండో కొస గుర్రానికి వేశాను.

"నొప్పి పుడుతుంది బావా."

"కొట్టరా."

చెయ్యి రాలేదు నాకు.

"గుర్రాన్ని కొట్టరా వెధవా, నన్ను కాదు!"

కొట్టాను. ఆయన బయటికి వచ్చాడు. ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పను.

తర్వాత పబ్బులో అందరూ బెజ్జాల సంగతి విని పడీ పడీ నవ్వారు. కానీ మొదటి లాంతరు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగేది. ఆ వేళ ఇంకే రొయ్యలవాడూ దిగలేదు. ఒక్కొక్కణ్ణీ అడిగి చూశారు. "అయితే అది బెన్సన్ లాంతరే," అని తీర్మానించారు. "నువ్వు ముఖం చూశావా అమోస్?" అని అడిగితే, "కనబడలేదురా," అనేవాడు బీరు గ్లాసులోకి చూస్తూ. ఇరవై మూడేళ్లు అదే మాట. ఇప్పుడు మా పిల్లలు ఈలకు భయపడరు. లాంతరుకు భయపడతారు.

నా గుర్రం అడుగు వేస్తే మెడలో గంట మోగేది. ఆ రాత్రీ మోగింది. ఆ గంట అమోస్ చేతి పోత. వంద గంటల్లో కలిపినా గుర్తుపట్టేవాడు. అయినా ఆయన చెప్పిన కథలో, మొదటిసారి గానీ రెండోసారి గానీ, గంట మోగదు.

మొన్న చలికాలంలో అమోస్ పోయాడు. ఇక నేను దాచడానికి ఏమీ లేదు. గుర్రం మొండికేయలేదు. ఈల విన్నాను, పిలుపు విన్నాను, నా గుర్రబ్బండి ఒడ్డు వైపు తిప్పాను. సగం దారిలో ఈల ఆగిపోయింది. అప్పుడు సిగ్గేసి వెనక్కి తిప్పాను. ఆ రెండు లాంతర్లూ ఒకటే. నాదే.

అమోస్ ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.