ఎడమ తలుపు స్పీకర్

ఉదయం ఎనిమిదింపావు. లాలాపేట్‌లోని ఆ ఇంటి ముందు రెండు కార్లు ఆగి ఉన్నాయి. ఒకటి నరహరిది, పన్నెండేళ్ల పాతది. రెండోది పై అంతస్తులో ఉండే అతని తమ్ముడు దివాకర్‌ది, కొని నాలుగు నెలలైంది. నరహరి కూతురు జ్యోతిర్మయి బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది. తండ్రి కారు పక్కనుంచే నడిచి వెళ్లి బాబాయి కారెక్కింది.

వరసగా ఇది పదకొండో రోజు.

నరహరి యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ టెక్నీషియన్. జ్యోతి అక్కడే పరిశోధన చేస్తోంది. దివాకర్ ఆఫీసు తార్నాకలో. రెండేళ్లుగా కూతుర్ని దింపింది నరహరే. రోజంతటిలో ఆ పావుగంట తనదనుకునేవాడు.

దివాకర్ కారులో కంపెనీ బిగించిన స్పీకర్లు ఎనిమిది. బాబాయి కారులో పాట వింటే ఎంత హాయిగా ఉందోనని పోయిన నెలలో జ్యోతి తల్లితో చెప్పింది. పక్క గదిలో ఉన్న నరహరికి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడే మెట్టుగూడలో కారు స్టీరియోలు అమ్మే ఎంకన్న షాపుకి వెళ్లాడు. పదివేలు దాటకూడదన్నాడు. స్టీరియో పాతదే ఉంచి, ముందు తలుపులకు కొత్త స్పీకర్లు, ఒక సెకండ్ హ్యాండ్ యాంప్లిఫైయర్, రేకు అదరకుండా తలుపు లోపల అతికించే షీట్లు తీసుకున్నాడు. బిగింపు ఖర్చు మిగలాలని వైర్లు తనే కలిపాడు.

పాట బ్రహ్మాండంగా వచ్చింది, ఎడమ తలుపు నుంచి తప్ప. వైరు మార్చాడు. ఎంకన్నతో పోట్లాడి స్పీకరే మార్పించాడు. అయినా లాభం లేదు. చివరికి స్టీరియోలో సౌండును బాగా ఎడమకు తిప్పి, వాల్యూమ్ పెంచాడు. అప్పుడు రెండు వైపులా సమానంగా వినిపించింది. ఆ వారమే కూతురు బాబాయి కారుకు మారింది.

ఇవాళ నరహరి వాళ్ల వెనకే బయల్దేరాడు. తార్నాక సిగ్నల్ దాటి క్యాంపస్‌లోకి తిరిగిన కారు సైన్స్ కాలేజీ దగ్గర నీడలో ఆగింది. ఇద్దరూ దిగలేదు. జ్యోతి చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, నవ్వుతోంది. నరహరి కారు దిగి వెళ్లి అద్దం మీద కొట్టాడు.

“నా కారుల ఎన్నడన్న గిట్ల నవ్వినవా?” అన్నాడు.

“అన్నా, లోపల కూసో. పిల్లలందరు చూస్తున్నరు,” అన్నాడు దివాకర్.

“నువ్వు మాట్లాడకు. పెద్ద కారు కొన్నవు, మంచిది. బిడ్డను గుడ కొందామనుకున్నవా?”

జ్యోతి ముఖం ఎర్రబడింది. కారు దిగింది.

“నీ కారుల నేను మాట్లాడుతనే ఉన్న డాడీ. నువ్వే జవాబిస్తలేవు. నా థీసిస్ చాప్టర్ ఓకే అయిందని చెప్పిన రోజు గుడ రోడ్డు దిక్కే చూసినవ్. దేనికో అలిగినవనుకున్న.”

“ఎప్పుడు చెప్పినవ్?”

“సౌండ్ తగ్గించమని గుడ మూడుసార్లు అడిగిన. ఆ స్పీకర్ నా మోకాలి పక్కనే మోగుతది. దిగినంక గంటసేపు తలనొప్పి.”

ఎడమదానికి అసలు సౌండే రాదని, వైరూ స్పీకరూ మార్చానని నరహరి వాదించాడు. దివాకర్ వెళ్లి అన్న కారులో కూర్చుని పాట పెట్టాడు. వెంటనే చెవులు మూసుకున్నాడు.

“అన్నా, ఎడమదే చెవులు పగలగొడుతున్నది. కుడిదే వినిపిస్తలేదు.”

నరహరి తమ్ముడిని దించి తను కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల ల్యాబ్ అలవాటు. తప్పు దొరక్కపోతే ఒక్కొక్కటే మార్చి చూడాలి. వైరు మార్చాడు, స్పీకరు మార్చాడు. మార్చనిది ఒక్కటే మిగిలింది. సౌండును మధ్యకు తెచ్చి, డ్రైవర్ సీటులో మోకాళ్లమీద లేచి, వెనక అద్దం వైపు తిరిగాడు. కుడి చెవి ఎడమ తలుపు వైపు వచ్చింది. ఇప్పుడు పాట ఎడమ తలుపు నుంచి గట్టిగా వస్తోంది. మూగబోయింది కుడి తలుపు.

కుడి చెవిలో వేలు పెట్టుకున్నాడు. పాట దాదాపు ఆగిపోయింది.

వేలు తీసి, మళ్లీ ముందుకు తిరిగి కూర్చున్నాడు. రెండేళ్లు కూతురు కూర్చున్నది తన ఎడమ పక్కనే. ఆ ఎడమ చెవి ఎప్పుడు పోయిందో, ఆమె మాటలు ఎన్ని ఆ వైపే ఆగిపోయాయో తెలియదు.

“స్పీకర్ మంచిగనే ఉన్నది బిడ్డా,” అన్నాడు. “నాకే ఈ చెవి వినపడ్తలేదు.”

జ్యోతి కిటికీలోంచి చెయ్యి పెట్టి తండ్రి భుజం పట్టుకుంది. కళ్ల నీళ్లు అలాగే కారనిచ్చింది. డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్దామని, తన కారు తీస్తానని దివాకర్ అన్నాడు.

“నీ కారు వద్దు,” అన్నాడు నరహరి కళ్లు తుడుచుకుంటూ. “నా కారులనే పోదం. నువ్వు ఎనక కూసో.”

లైసెన్సు వచ్చి ఏడాదైనా జ్యోతికి అతను ఎప్పుడూ కారివ్వలేదు. ఇప్పుడు తాళం ఆమె చేతిలో పెట్టి, ఎడమ సీటులోకి మారాడు. అక్కడినుంచి కుడి చెవి ఆమె వైపుంటుంది. పాట ఆపేశాడు.

“ఆ చాప్టర్ ముచ్చట మళ్ల చెప్పు. మొదటికెల్లి.”

కారు క్యాంపస్ గేటు దాటింది. జ్యోతి చెబుతూనే ఉంది. వెనకనుంచి దివాకర్ తనకు తెలిసిన ముక్క ఏదో కలపబోతే, నరహరి తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆపాడు.

“నువ్విన్నవు గదరా. ఇప్పుడు నేను వింటున్న.”