ఊఁ కొట్టినంత మాత్రాన

ఆ ఇంట్లో పొద్దుటిపూట భోజనాల బల్ల సగం ఆఫీసు, సగం వంటిల్లు. ఒక చివర చిన్నమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన కింద పనిచేసేవాళ్ళకి తలంటుతోంది. ఇంకో చివర అమ్మ బఠాణీలు ఒలుస్తోంది.

చిన్నమ్మాయిది చిత్రమైన ఉద్యోగం. కంపెనీల తరఫున బేరాలాడేది ఇప్పుడు మనుషులు కాదు, సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు. అవి ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడాలో, ఏ మాటకు ఏ అర్థమో నియమాలు రాసేది ఈవిడే. నిన్న ఎక్కడో తేడా కొట్టింది. ఒక గిడ్డంగికి ఎవరూ కోరని గాజు సీసాలు లారీల్లో వచ్చిపడ్డాయి.

"అమ్మే ఏజెంటు ధర పంపింది. కొనే ఏజెంటు 'అందింది' అంది. అంతే, సరుకు పంపించేశారు. అందింది అంటే విన్నానని బాబూ, ఒప్పుకున్నానని కాదు. రెండిటికీ వేరువేరు మాటలు పెట్టమని మొత్తుకుంటూనే ఉన్నాను. ఒప్పుకున్నామని విడిగా చెప్పేదాకా ఎవరూ అడుగు కదపకూడదు," అని ఫోన్ పెట్టేసింది.

అమ్మ చేతిలో బఠాణీ కాయ అలాగే ఉంది.

"ఇందాక నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పెద్దల్లుడు ఫోన్ చేశాడే," అంది.

పెద్దమ్మాయి పోయి ఏడాది కావస్తోంది. ఎప్పుడో నాన్నతో పోట్లాడి వెళ్ళిపోయి, ఆయన చివరిరోజుల్లో మంచాన పడ్డప్పుడు కూడా తొంగిచూడలేదు. ఆవిడ పేరెత్తితే ఇప్పటికీ తల్లీకూతుళ్ళిద్దరూ మాట మార్చేస్తారు.

"ఏమన్నాడు బావ?"

"దాని చిన్నప్పటి ఫోటో ఉంటే పంపమన్నాడు, వాళ్ళ పాప అడుగుతోందట. మాటల్లో మాటగా, 'మీరు రావద్దన్నారని చివరిదాకా కుమిలిపోయింది అత్తయ్యా' అన్నాడు. నేనెప్పుడన్నానే ఆ మాట?"

చిన్నమ్మాయి ల్యాప్‌టాప్ మూసింది. "నువ్వే కదమ్మా. ఒంట్లో బాగాలేదు, వచ్చి కొన్నాళ్ళు ఉంటానని అక్క మెసేజ్ పెట్టింది. నీకు చదివి వినిపించాను. రావద్దని చెప్పేయనా అంటే ఊఁ అన్నావు."

"ఊఁ అంటే వింటున్నాననే. చిన్నప్పుడు నేను కథ చెబుతుంటే మీరిద్దరూ ఊఁ కొట్టేవాళ్ళు. రాక్షసుడు రాకుమారిని ఎత్తుకుపోయాడంటే ఊఁ అనేవాళ్ళు. అంటే ఎత్తుకుపొమ్మనా?"

"మరి నోరు తెరిచి రమ్మనొచ్చుగా?" చిన్నమ్మాయి గొంతు లేచింది. "నాన్నని ఎత్తి కూర్చోబెట్టింది నేను, ముద్ద తినిపించింది నేను. అప్పుడు జాడలేని మనిషికి, తన ఒంటికి బాగాలేదనగానే అమ్మ గుర్తొచ్చిందా అని ఒళ్ళు మండింది నాకు."

అనేశాక తన మాట తనకే వినబడింది. అమ్మ ఊఁలు పుట్టినప్పటినుంచీ వింటున్నవే. వింటున్నానన్న ఊఁ ఏదో, సరేనన్న ఊఁ ఏదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఆ రోజు మాత్రం తనకు కావలసిన అర్థమే తీసుకుంది. సీసాలనైతే వెనక్కి పంపించేయొచ్చు.

"నాకు తెలుసమ్మా," అంది. "అది ఒప్పుకున్న ఊఁ కాదని అప్పుడే తెలుసు. అంత జబ్బని మాత్రం తెలీదు."

బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. చాలాసేపు కూతురి మీద చెయ్యి వెయ్యలేదు.

"నాకు రమ్మనాలనే ఉందే," అంది చివరికి. "అలిగి వెళ్ళిన మనిషి కదా, ఇంకాస్త బతిమాలించుకుందామనుకున్నాను. మళ్ళీ అడుగుతుందిలే అనుకున్నాను. నువ్వు వద్దన్నావు, నేను రమ్మనలేదు. ఇద్దరం కలిసే దాన్ని పోగొట్టుకున్నాం."

అప్పుడు చిన్నమ్మాయి తల తన ఒడిలోకి లాక్కుంది. ఇద్దరూ కరువుతీరా ఏడ్చారు.

"బావకి ఫోన్ కలుపు. పాపతో మాట్లాడతాను."

"ఏం చెబుతావమ్మా?"

అమ్మ చెయ్యి చాచింది. ఫోన్ చెవికి ఆనించుకుని, అటునుంచి పసిగొంతు పలకగానే, "వచ్చేయ్ తల్లీ," అంది. "నేను రమ్మంటున్నాను. ఎప్పుడొచ్చినా సరే, వచ్చేయ్ నా తల్లీ."

ఆ పిలుపు మనవరాలికి కాదని చిన్నమ్మాయికి తెలుస్తూనే ఉంది. అటువైపు పాపకి తెలియక, నాన్నని అడిగి చెబుతానంది.