రంగు లేని దుప్పటి

ఆ వేసవి ఉదయం రాయగడలో ఎండ ఇంకా ముదరలేదు. రామతులసి తన భర్త తాతారావు తలను ఒళ్ళో పెట్టుకుని చెంచాతో కాఫీ తాగిస్తోంది. చింతపండు టోకు వ్యాపారం చేస్తూ కొరాపుట్ సంతలన్నీ తిరిగిన మనిషి. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది.

కోడలు నాగశ్రీ దండెం మీంచి ఆరిన దుప్పటి తెచ్చి మంచం మీద పెట్టింది. రంగు లేదు, పువ్వు లేదు. పాలమీగడలా తెల్లగా ఉంది.

"ఏటమ్మి ఇది?"

"మావయ్యగారికి అత్తయ్యా. టికిరి సంతలో ఆడవాళ్ళ సంఘం వాళ్ళు అమ్ముతున్నారు. పురుగుమందులు కొట్టని పత్తంట. రంగులూ బ్లీచింగూ ఏటీ లేవు. విశాఖ షాపుల్లో ఇలాటివి మనం కొనలేం. అందుకే తాను గుడ్డ తెచ్చి నేనే అంచులు కుట్టేను. మెత్తబడేదాకా నానబెట్టి ఉతికేను."

రామతులసి దాన్ని మంచం మీంచి పక్కకు నెట్టింది.

"బతికున్న మనిషి కింద ఇలాటి తెల్లగుడ్డ పరుస్తారా ఎక్కడైనా? తీసెయ్ ముందు!"

"సెమట పీల్సే నూలుబట్టే వెయ్యమన్నారు కదా డాక్టరుగారు..."

"ఇప్పుడేసిన ఈ నెమళ్ళ దుప్పటి నూలు కాదేటి? కాటనే అని షాపోడు సెప్పేడు. సౌకగా దొరికిందని మంచాన పడ్డ ముసలాయనకి అంటగడతావా?"

నాగశ్రీ కళ్ళు నిండాయి. దుప్పటి మడిచి లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు గిరీష్ ఇద్దరి వంకా చూసి కొట్టుకు బయల్దేరాడు.

నెమళ్ళ దుప్పటిని రామతులసి ముచ్చటపడి కొంది. చూడవచ్చినవాళ్ళకి రోగి మంచం కూడా కళగా కనిపించాలనుకుంది. కానీ ఆ జారుడు బట్ట చెమట పీల్చేది కాదు. తాతారావు వీపు ఎర్రబడింది, పొక్కింది, చివరికి పుండయింది. మందు రాసినప్పుడల్లా, "ఒక్కసారి మార్సి సూద్దాం అత్తయ్యా," అనేది నాగశ్రీ. "ఆ అపశకునం మాట ఎత్తకు," అనేది రామతులసి.

ఒక మధ్యాహ్నం ఆమె మజ్జిగౌరమ్మ గుడి నుంచి వచ్చేసరికి తాతారావు ఆ తెల్లదుప్పటి మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు. పోయాడేమోనని పరుగున వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది; ఊపిరి ఆడుతోంది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. కొస పట్టి దుప్పటిని బలంగా లాగింది.

తాతారావు బాధతో మూలిగాడు.

"లాగకండి అత్తయ్యా! పుండు!" నాగశ్రీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు తాతారావు ఎడంచెయ్యి మెల్లగా కదిలి దుప్పటి అంచును గట్టిగా పట్టుకుంది. వంకరపోయిన పెదవులు ఎంతో కష్టం మీద విడివడ్డాయి.

"ఉం... ఉంచు."

మంచాన పడ్డాక అతని నోట వచ్చిన మొదటి మాట అది.

రామతులసి చేతిలోని గుడ్డ జారిపోయింది. తను లాగినచోట నెత్తురు మరక కనిపించింది. అక్కడే నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఎన్నాళ్ళు మంటెత్తిపోయిందో ఈయనకి! నోరు లేక సెప్పుకోలేకపోయేరు. ఆయన బదులు నువ్వు సెప్తే నీ నోరూ మూసేసేను కదే అమ్మి!"

నాగశ్రీ పక్కన కూర్చుని ఆమె భుజం పట్టుకుంది. "మీ భయం నేనూ అర్థం చేసుకోలేదత్తయ్యా. అంచులకి పసుపు రాసి తెచ్చినా సరిపోయేది. సౌక అన్నారని రోషపడి లోపల దాసేసేను."

ఇద్దరూ కలిసి పుండు కడిగి, మందు రాసి, మళ్ళీ అదే దుప్పటి సరిచేసి పరిచారు. తాతారావు పొద్దువాలేదాకా మూలగకుండా నిద్రపోయాడు.

మరుసటి సంతకు రామతులసి కోడలి వెంట తనే టికిరి వెళ్ళింది. సంఘం ఆవిడ ఉతికిన ముక్క ఒకటి చేతికిస్తే చెంపకు ఆనించుకుంది. ఎంత కావాలని అడిగితే కోడలి వైపు చూసింది. నాగశ్రీయే చెప్పింది.

వానలు పడేసరికి పుండు మానింది. ఒకటీ అరా మాటలు వచ్చాక కూడా తాతారావు ఆ రోజుల ఊసెత్తలేదు. ఒక్క మాట అని ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. ఒళ్ళు తుడిచేటప్పుడు వీపు మీది మచ్చ దగ్గర రామతులసి చెయ్యి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో అతనికి తెలుసు. ఎడంచేత్తో వెనక్కి తడుముకుని, ఆమె వేళ్ళు అందేదాకా వెతికి పట్టుకుంటాడు.